దేనికంటే చిన్నది?

బస్టాండులో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. డ్రైవర్లకీ కండక్టర్లకీ, టీ అమ్మేవాళ్ళకీ, ఆఖరికి డిపో మేనేజరుకి కూడా ఆమె మైకమ్మే. ప్లాట్‌ఫారాల మధ్య ఒక అద్దాల గది ఉండేది. గది అనడం మర్యాదకే గానీ, అందులో ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాల్సిందే. ఒక కుర్చీ, మెడ వంచిన మైకు, ఎప్పుడూ సగం చల్లారి ఉండే టీ గ్లాసు. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ గదిలో కూర్చుని ఆమె బస్సుల రాకపోకలు చెప్పింది.

చెప్పడమంటే చదివేసి ఊరుకోవడం కాదు. "రేవు బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదికొస్తోంది. తోసుకోకండి, అందరికీ చోటుంది" అని ఆమె అంటే, అప్పటిదాకా మోచేతులతో పొడుచుకుంటున్నవాళ్ళు కూడా సిగ్గుపడి ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. తప్పిపోయిన పిల్లల్ని ఎవరైనా తెచ్చి ఆమె ఒళ్ళో కూర్చోబెడితే, "ఎర్ర గౌను పాప నా దగ్గరే ఉంది. ఏడవట్లేదు, బిస్కెట్ తింటోంది. వాళ్ళమ్మ పరిగెత్తక్కర్లేదు, మెల్లిగా రండి" అనేది. వాళ్ళమ్మ పరిగెత్తుకుంటూనే వచ్చేదనుకోండి. కానీ ఏడుపు ఆపుకుని వచ్చేది. ఆ గొంతులో అంత భరోసా ఉండేది.

మైకమ్మకి ఇంగ్లీషు పెద్దగా రాదు. ఒక్క మాట మాత్రం చిన్నప్పట్నుంచీ ఆమె వెంటపడుతూనే ఉంది. మైనర్.

ఆమె తండ్రి అదే డిపోలో డ్రైవరు. స్టీరింగు ముందే గుండె ఆగి పోయాడు. పోతూ పోతూ కూడా బస్సుని రోడ్డు పక్కకి తీసి ఆపాడని అందరూ చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో ఒకరికి ఉద్యోగమిస్తామంటే తల్లి ఈమెని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. లోపలున్న ఆఫీసరు అమ్మాయిని ఎగాదిగా చూసి, "మైనర్. ఇప్పుడు కుదరదు" అన్నాడు. బయటికొచ్చాక తల్లి బెదిరిపోతూ అడిగింది.

"మైనర్ అంటే ఏంటే? ఏమైనా జబ్బా?"

"కాదమ్మా. చిన్నపిల్లనట."

"చిన్నపిల్లవా! వంటా నువ్వే, నీళ్ళూ నువ్వే, తమ్ముణ్ణి పెంచుతున్నదీ నువ్వే. వాడి కళ్ళు పోయాయా?"

కూతురికి వయసొచ్చేదాకా తల్లి అవే ప్లాట్‌ఫారాలు ఊడ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా మైకమ్మకి చీపురు పట్టుకుని వంగిన తల్లి నడుమే కళ్ళముందు మెదిలేది.

తర్వాత అదే మాట మనిషి రూపంలో ఎదురైంది. డిపోకి కొత్తగా ఒక డ్రైవరొచ్చాడు. మడత నలగని చొక్కా, మెరిసే బూట్లు, మెడలో సెంటు పూసిన జేబురుమాలు. బస్సులో వెనక చూసుకోడానికి పెట్టిన అద్దంలో తల దువ్వుకునేవాడు. సోగ్గాడని, షోకులరాయుడని ఒకటి రెండు పేర్లు పెట్టి చూశారు గానీ చివరికి 'మైనరు' అన్నదే అతికింది. ఆ మైనరు తన బస్సు వేళకి ఒక నిమిషం ముందే అద్దాల గది దగ్గరికొచ్చి, "మైకమ్మగారూ, నా బస్సు గురించి చెప్పేటప్పుడు కాస్త తియ్యగా చెప్పండి" అనేవాడు. "బస్సుని బట్టి చెప్తాను, డ్రైవర్ని బట్టి కాదు" అనేది. ఏడాది తిరక్కుండానే పెళ్ళయింది. మైనరుతనం తీరిందో లేదో మళ్ళీ మైనర్నే చేసుకుందని డిపో అంతా నవ్వింది.

డిపోలో ఆ మాటకి ఇంకో వాడుకా ఉంది. షెడ్డుకొచ్చిన బస్సుని మెకానిక్కులు ఒక చూపు చూసి, మైనరో మేజరో తేల్చేసేవాళ్ళు. మైనరంటే సాయంత్రానికల్లా బస్సు రోడ్డెక్కుతుంది. మేజరంటే షెడ్డులో దుమ్ము కొట్టుకుపోవాల్సిందే. అందుకే, ఆసుపత్రిలో సర్జన్ "మైనర్ ఆపరేషనమ్మా" అన్నప్పుడు ఆమె గుండె తేలికపడింది. సాయంత్రానికల్లా రోడ్డెక్కే బస్సే ఆమె తలపులో మెదిలింది.

ఆపరేషన్ దాకా తెచ్చిన గడ్డని ముందు చూసింది మొగుడే. ఒకరోజు ఆమె తల ఎత్తి నీళ్ళు తాగుతుంటే, "ఏమోయ్, ఇటు తిరుగు" అన్నాడు. మెడ కింద, గొంతు పక్కన, బఠాణీ గింజంత ఉబ్బు. నొప్పి లేదు. "ఇంతోటి దానికి ఆసుపత్రేంటండీ" అని ఆమె నవ్వేసింది. ఆయన నవ్వలేదు. ఎప్పుడూ లేనిది డ్యూటీ మానేసి దగ్గరుండి తీసుకెళ్ళాడు. సూదితో తీసి పరీక్ష చేస్తే అటూ ఇటూ తేలలేదు. అనుమానముంది కాబట్టి తీసేయడం మంచిదన్నారు.

మత్తు దిగాక మంచినీళ్ళు అడుగుదామని నోరు తెరిచింది. మాట రాలేదు, గాలి వచ్చింది. పంక్చరైన టైరులోంచి వచ్చినట్టు. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ గాలే. నీళ్ళు తాగితే పొలమారి ఊపిరాడలేదు. సర్జన్ వచ్చి, నరం కాస్త వాచి ఉంటుందని, కొన్నాళ్ళలో సర్దుకుంటుందని చెప్పాడు. గడ్డ పరీక్ష ఫలితం కూడా వచ్చింది. ప్రమాదం లేని గడ్డేనట. మైనరు ఆసుపత్రి వరండాలో అందరికీ స్వీట్లు పంచాడు. ఆమె మంచం మీంచి చూస్తూ నవ్వడానికి ప్రయత్నించింది.

కొన్నాళ్ళు గడిచాయి. వాపు తగ్గింది గానీ గొంతు రాలేదు. సెలవులు అయిపోతున్నాయని ఉద్యోగంలో చేరింది. అద్దాల గదిలో కూర్చుంది. కుర్చీ సర్దుకుంది. స్విచ్చి నొక్కి, "రేవు బస్సు..." అంది. బస్టాండు నాలుగు మూలలున్న లౌడుస్పీకర్లలోంచి ఎవరో ఆయాసపడుతున్నట్టు చప్పుడొచ్చింది. జనం తలలెత్తి చూశారు. ఒక ముసలాయన పక్కవాణ్ణి, "ఎవరికో ఒంట్లో బాలేనట్టుంది, చూడు బాబూ" అన్నాడు. ఆమె అద్దంలోంచి ఆయన పెదాల్ని చూసి ఆ మాట గ్రహించింది. స్విచ్చి కట్టేసింది. ఆ వేళ రేవు బస్సు చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయింది.

మేనేజరు మంచివాడే. కసురుకోలేదు. "చిన్న మార్పేనమ్మా, గొంతు బాగయ్యేదాకా" అని పార్సిళ్ళ గోడౌనుకి మార్చాడు. టికెట్ల కౌంటరులో ఉండే ఒకాయన మైకు దగ్గరికొచ్చాడు. ఆయన గొంతు పర్వాలేదు గానీ, ఎవరితోనో తగూ పడ్డట్టు చదివేవాడు. గోడౌనులో గోనెసంచుల మధ్య కూర్చుని ఆమె ఆ గొంతు వినేది. తోసుకునేవాళ్ళు తోసుకుంటూనే ఉన్నారని ఆ రొదలోనే తెలిసిపోయేది.

అందరూ ధైర్యం చెప్పేవాళ్ళే. ప్రాణం దక్కింది చాలు, గొంతుదేముంది అన్నారు పక్కింటివాళ్ళు. కాళ్ళూ చేతులూ బాగున్నాయిగా అన్నాడు తమ్ముడు. మైనరు అయితే, "మా ఆవిడ నన్ను తిట్టడం మానేసింది, ఊళ్ళో నాకంటే అదృష్టవంతుడు లేడు" అని ఆమె ముందే జోకులేసేవాడు. ఆమె పళ్ళు బిగబట్టేది. ఇంట్లో వస్తువు పోతే కూడా నాలుగు రోజులు వెతుకుతారు. తన గొంతు పోతే ఎవరూ వెతకట్లేదేమిటని లోలోపల కుమిలిపోయేది.

సెలవులకి కూతురొచ్చింది. వేరే ఊళ్ళో భాషల చదువు చదువుతోంది. తల్లి గుసగుస వినడానికి పక్కనే చేరి కూర్చునేది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే తల్లి అడిగింది.

"మైనర్ అంటే అసలు ఏంటే? చిన్నదనేగా?"

"చిన్నదని కాదమ్మా, సరిగ్గా చెప్పాలంటే 'దానికంటే చిన్నది' అని. అది పాత లాటిన్ మాట. పక్కన ఇంకోటి పెట్టి పోల్చినప్పుడే ఆ మాటకి అర్థం. విడిగా ఏదీ మైనర్ కాదు."

"అంటే దేనికంటే అని అడగాలన్నమాట."

"అంతే. సంగీతంలో కూడా ఉంది తెలుసా, దిగులుగా వినిపించే రాగాల్ని వాళ్ళు మైనర్ అంటారు."

"దాన్నీ వదల్లేదన్నమాట" అంది మైకమ్మ. కానీ చేతిలో చొక్కా మడత మధ్యలోనే ఆగిపోయింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది. సర్జన్ గది చిన్నది, కిటికీ అవతల జనరేటరు మోగుతోంది. ఆమె మాట వినపడక ఆయన లేచి కిటికీ మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఆపరేషన్ మైనర్ అన్నారు. దేనికంటే?" అంది.

ఆయన ఆమె ఫైలు తెరిచి చూశాడు.

"గుండె తెరిచి చేసేవాటికంటే. ప్రాణం మీదికొచ్చే వాటికంటే. మా వాడుకలో దాని అర్థం అదమ్మా."

"నా పనేంటో మీకు తెలుసా?"

"బస్టాండులో ఉద్యోగమని మీవారు చెప్పారు."

"ఏం ఉద్యోగమో అడిగారా?"

"అడగలేదు" అన్నాడాయన. తర్వాత మెల్లిగా, "కానీ గొంతు సంగతి దాచలేదమ్మా. మాట పలికించే నరం ఆ గడ్డకి ఆనుకునే పోతుంది. దానికి దెబ్బ తగిలితే గొంతు మారుతుంది, కొందరికి తిరిగి రాదు. ముందే చెప్పాం" అన్నాడు.

"నాకెవరూ చెప్పలేదు."

"మీవారికి చెప్పాం. మీరు రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగారు కూడా, మొత్తం పోతుందా, కొంచెమే పోతుందా అని. మీకు తనే నచ్చజెప్తానన్నారు. సంతకం పెట్టే ముందు మిమ్మల్ని అడిగాను, ఆయన అన్నీ చెప్పారు కదా అని. మీరు తలూపారు."

గుర్తొచ్చింది. నిజమే, తలూపింది. మైనరు వెనకాల నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అన్నీ చెప్పానండీ, మా ఆవిడకి భయమేం లేదు" అన్నాడు. ముందు రోజు ఏమీ తినకూడదని, గాజులు తీసేయాలని చెప్పాడు. అన్నీ అంటే అవేననుకుంది.

"మిమ్మల్ని విడిగా కూర్చోబెట్టి నేనే చెప్పాల్సింది. ఆ తప్పు నాదే" అన్నాడు సర్జన్. ఆమె ఆయన్ని తిట్టుకుందామని వచ్చింది. ఆ కోపం అక్కడే ఎటో జారిపోయి, ఇంకో మనిషి మీదికి మళ్ళింది.

ఇంటికొచ్చి మొగుడితో మాట్లాడ్డం మానేసింది. ఇక్కడే ఒక చిక్కొచ్చింది. గొంతు లేని మనిషి అలిగితే అలిగినట్టు తెలియదు. మైనరు మామూలుగానే వచ్చేవాడు, భోంచేసేవాడు, డిపో కబుర్లు చెప్పేవాడు, ఆమె పలక్కపోతే గొంతుకి విశ్రాంతిస్తోంది కాబోలనుకునేవాడు. పైగా "అలాగే, మాట్లాడకు, డాక్టరు కూడా అదే చెప్పాడు" అని మెచ్చుకునేవాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయేది. ఒకప్పుడైతే ఒక్క కేకతో వీధి చివర బస్సు ఆగేది. ఇప్పుడు తన కోపం తన ఇంట్లో మనిషికి కూడా చేరట్లేదు.

చివరికి కూతురే చెప్పింది. "నాన్నా, అమ్మ నీతో మాట్లాడట్లేదు."

"గొంతు బాలేదు కదమ్మా."

"నాతో మాట్లాడుతోంది. పక్కింటావిడతో మాట్లాడుతోంది. నీతోనే మాట్లాడట్లేదు."

మైనరు చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. వంటింట్లోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె పెదాలు కదిలాయి. ఆయనకి వినపడలేదు.

"ఫ్యాను ఆపండి" అంది మళ్ళీ. ఆపాడు. "ఆ కుళాయి కట్టండి." కట్టాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది.

"నా గొంతు పోవచ్చని మీకు ముందే తెలుసు."

ఆయన గోడకి చేరగిలబడ్డాడు. "మా అక్కకి కూడా అక్కడే వచ్చింది" అన్నాడు. అక్క జబ్బు చేసి పోయిందని మాత్రమే మైకమ్మకి తెలుసు. తను కాపురానికి రావడానికి చాలా ముందు సంగతి. "అంతే ఉండేది. బఠాణీ గింజంత. ఇంత చిన్నదానికి హడావుడేంటన్నారు అందరూ. నేనూ అన్నాను. ఆఖర్న నీళ్ళు కూడా దిగలేదు తనకి. నేనే చెంచాతో పెదాలు తడిపేవాణ్ణి. నీ మెడ మీద అది చూసినప్పుడు నాకు అక్కే కనపడింది. మైకు పోతుందని చెబితే నువ్వు ఒప్పుకునేదానివా? ఛస్తే ఒప్పుకోవు. గొంతు పోతే పోనీ, మనిషి ఉంటే చాలనుకున్నాను."

ఆమెకి ఆయన మీద జాలి వేసింది. జాలితోపాటే కోపమూ పెరిగింది. రెండూ ఒకేసారి గొంతులోకి వచ్చేసరికి దగ్గు తెరలు తెరలుగా ముంచుకొచ్చింది. దగ్గు ఆగాక అంది.

"అడిగేదాన్ని. ఆలోచించేదాన్ని. ఇంకో డాక్టరుకి చూపించుకునేదాన్ని. ఒప్పుకునేదాన్నేమో కూడా. అది నేను చెయ్యాల్సిన పని. నా గొంతు గురించి తేల్చడానికి నువ్వెవరు?"

పెళ్ళయ్యాక మొగుణ్ణి 'నువ్వు' అనడం అదే మొదటిసారి. గొంతులో గాలి తప్ప ఏమీ లేకపోయినా ఆ మాట ఆయనకి స్పష్టంగా వినపడింది.

"ఏదేమైనా గడ్డ మంచిదని తేలిందిగా" అన్నాడు. అన్నాక, అనకూడని మాట అన్నానని తెలిసి తల దించుకున్నాడు. మంచి గడ్డే. అంటే తీయకపోయినా బతికేది. అది ఇద్దరికీ తెలుసు. ఆయన చేసింది మోసమా, ప్రేమా అని కూతురు తర్వాత అడిగితే, "రెండూనే, అందుకే మింగుడు పడట్లేదు" అంది మైకమ్మ.

ఆమె ఎక్కడికీ పోలేదు. కూతురి గదిలోకి పక్క మార్చుకుంది, అంతే. మైనరులో జోకులు అడుగంటాయి. జేబురుమాలు కట్టడం మానేశాడు. మైనరు మేజరయిపోయాడని డ్రైవర్లు ఆటపట్టించేవాళ్ళు.

మాటలకి చికిత్స చేసే ఒకావిడ దగ్గరికి ఆమె వారం వారం వెళ్ళింది. బల్లకి రెండు చేతులూ ఆనించి నెడుతూ 'ఆ' అనమనేది ఆవిడ. పసిపిల్లలా 'ఆ' అంటూ కూర్చోవడం నామోషీగా ఉండేది. కొన్ని నెలలకి గాలిలో కాస్త శబ్దం చేరింది. బొంగురుగా, మగవాడి గొంతులా. ఎదుటి మనిషికి వినిపిస్తుంది, మైకుకి చాలదు. అంతకంటే వస్తుందని చెప్పలేనంది చికిత్స చేసే ఆవిడ. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ మైకమ్మ కిటికీవైపు తిరిగి ఏడ్చింది.

తర్వాత తనే మేనేజరు దగ్గరికెళ్ళి గోడౌను వద్దంది. డ్రైవర్లకి రూట్లు వేసే బల్ల ఖాళీగా ఉంటే అది అడిగి తీసుకుంది. పొద్దున్నే డ్రైవర్లు బల్ల చుట్టూ మూగి, ఆమె బొంగురు గొంతు వినడానికి నోళ్ళు మూసుకునేవాళ్ళు. మొగుణ్ణి కొండ ఊరి రూటుకి వేసింది. తెల్లవారుజామున బయల్దేరాలి, దారంతా మలుపులు, అద్దంలో మొహం చూసుకునే తీరికుండదు. ఆయన తాళాలు తీసుకుపోయాడు. కొన్నాళ్ళకి తోటి డ్రైవర్లే వచ్చారు.

"మైకమ్మా, మైనరుని కిందికి దింపు తల్లీ. కొండగాలికి జుట్టంతా రాలిపోతోంది. జుట్టు పోతే వాడికింకేం మిగుల్తుంది?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆపరేషన్ తర్వాత అంతగా నవ్వింది అదే. మర్నాటి నుంచి ఆయనకి రేవు రూటు వేసింది.

ఏడాది పరీక్షకి వెళ్ళినప్పుడు మెడకి రెండోవైపు ఇంకో గడ్డ కనిపించింది. ఈసారి లోపలికి ఆమె ఒక్కతే వెళ్ళింది. సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి, గడ్డ ఎక్కడుందో, నరం ఎటు పోతోందో చూపించాడు. ఈవైపు నరం కూడా దెబ్బతింటే మాటే కాదు, ఊపిరి కూడా కష్టమవుతుందన్నాడు. తీయకుండా కనిపెట్టి ఉండొచ్చని, పెరిగితే అప్పుడు తీయొచ్చని చెప్పాడు. ఈలోపు అది చెడ్డదిగా మారదని మాత్రం మాటివ్వలేనన్నాడు. ఆమె అడగాల్సినవన్నీ అడిగింది. బొంగురు గొంతుతో ఒక్కో ప్రశ్నా రెండుసార్లు అడగాల్సి వచ్చినా అడిగింది.

మైనరు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు. ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇప్పుడు తీయించుకోను. ఆర్నెల్లకోసారి చూపించుకుంటాను" అంది.

ఆయన మొహం పాలిపోయింది. "నీ ఇష్టం" అన్నాడు. మళ్ళీ తనే, "నాకు భయంగా ఉంది" అన్నాడు.

"నాకూ ఉంది" అంది మైకమ్మ.

ఆ తర్వాత రెండు పరీక్షలయ్యాయి. గడ్డ పెరగలేదు, తగ్గనూ లేదు. ఆమె మళ్ళీ తన గదిలోకి వచ్చేసింది గానీ పాత కబుర్లు ఇంకా రాలేదు. పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ, బూట్లు తుడుచుకుంటున్నట్టు వంగి, ఆయన ఓరగా ఆమె మెడవైపు చూస్తాడు. కొన్ని రోజులు ఆమె విసుగ్గా మొహం తిప్పేసుకుంటుంది. కొన్ని రోజులు కదలకుండా కూర్చుని చూడనిస్తుంది.